జాఫినో ఫాంట్‌లో పేర్లు ఎందుకు చిక్కుపడతాయి, శుభలేఖలో దాన్ని ఎలా వాడాలి

మీ ప్రశ్న చదివాను. చెల్లెలి పెళ్లి శుభలేఖలో ఇంగ్లీషు పేజీకి వధూవరుల పేర్లు జాఫినో ఫాంట్‌లో పెట్టాలనుకున్నారు. స్నేహితుడి మ్యాక్‌లో (ఆపిల్ కంప్యూటర్‌లో) కొట్టి చూస్తే అచ్చం చేత్తో రాసినట్టు వచ్చాయి. ప్రెస్సులో విండోస్ మెషీన్ మీద అదే పేరున్న ఫాంట్‌తో కొడితే అక్షరాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, తోకలు పై లైనులోకి వెళ్లాయి, ప్రూఫ్‌లో సన్న గీతలు కనపడకుండా పోయాయి. ఫాంట్ మార్చాలా, ప్రెస్ మార్చాలా అన్నది మీ సందేహం.

రెండూ అక్కర్లేదండి. పేర్లు మాత్రం ఆ మ్యాక్‌లోనే తయారు చేయించి, కర్వ్స్‌గా మార్చి, అంటే అక్షరాలను ఫాంట్‌తో పని లేని గీతల ఆకారాలుగా చేసి, ప్రెస్సుకు ఇవ్వండి. ఆ ఫాంట్‌లో పేర్లు తప్ప ఇంకేమీ పెట్టకండి. ఏ పద్ధతిలో అచ్చు వేయిస్తున్నారో ముందు తేల్చుకుని ఆ తర్వాతే సైజు నిర్ణయించండి. తొందరలో ఉంటే ఇంతవరకు చదివితే చాలు. కారణాలు తెలిస్తే ఆపరేటర్ పక్కన కూర్చుని ఏం అడగాలో మీకే అర్థమవుతుంది కాబట్టి మిగతాది వివరంగా రాస్తున్నాను. శుభలేఖల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి, ఇవే గొడవలు ప్రతి పెళ్లిళ్ల సీజన్‌లో చూస్తుంటాను.

ముందు ఈ ఫాంట్ ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే మీ ఇబ్బంది అంతా దాని పుట్టుకలోనే ఉంది. హెర్మన్ జాఫ్ అని జర్మన్ అక్షర శిల్పి. 1918లో న్యూరెంబర్గ్‌లో పుట్టి 2015లో పోయారు. పాలటినో, ఆప్టిమా ఆయనవే. బొమ్మల గుర్తుల కోసం వాడే జాఫ్ డింగ్‌బ్యాట్స్ కూడా ఆయనదే. కుర్రాడిగా ఉన్నప్పుడు రుడాల్ఫ్ కోఖ్ అనే అక్షర కళాకారుడి రాతల ప్రదర్శన ఒకటి చూసి, పుస్తకాలు ముందు పెట్టుకుని కలంరాత తనంతట తానే నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మ్యాపులు గీసే పనిలో పడేశారు. భూతద్దం లేకుండా ఒక మిల్లీమీటరు ఎత్తు అక్షరాలు రాయగల చూపూ, చేతి నిలకడా ఆయనవి. ఆ రోజుల్లో, 1944లో, తన స్కెచ్‌బుక్‌లో ఒక పేజీ స్వేచ్ఛగా రాసుకున్నారు. జాఫినోకు మూలం ఆ పేజీయే.

యుద్ధం అయిపోయాక 1948లో స్టెంపెల్ అనే అచ్చక్షరాల ఫౌండ్రీ కోసం ఇలాంటి రాతను సీసపు అచ్చుల్లో పోయించాలని చూశారు. ఆయన కోరుకున్నంత స్వేచ్ఛ దొరకలేదు. సీసం అచ్చులో ప్రతి అక్షరం ఒక లోహపు దిమ్మ మీద కూర్చుంటుంది. తోక దిమ్మ దాటి బయటికి వస్తే పక్క దిమ్మ మీద వాలాలి, ప్రెస్సు ఒత్తిడికి అది విరిగిపోతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్‌లో ఫిర్మాన్ దిదో వాలు దిమ్మల మీద పోసి కలిపిరాత అక్షరాలు చేశాడు గానీ, అవి కూడా హద్దుల్లో ఉండే అక్షరాలే. అక్షరాలను లోహంలో కాకుండా ఫొటోగా కూర్చే ఫొటోటైప్‌సెట్టింగ్ వచ్చాక దిమ్మ గొడవ పోయింది. మాథ్యూ కార్టర్ 1966 ప్రాంతంలో లైనోటైప్ అనే ఫాంట్ల కంపెనీకి చేసిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ అందుకే అంత చక్కగా అక్షరానికి అక్షరం కలుస్తుంది. చార్లెస్ స్నెల్ అనే పాతకాలపు లండన్ రాత గురువు దస్తూరీ నుంచి తీసుకున్నది అది. మీ స్నేహితుడి మ్యాక్‌లో అదీ ఉంటుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

జాఫ్‌కు కావలసింది కలవడం ఒక్కటే కాదు. చేత్తో రాసేవాడు ఒకే పదంలో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని రెండు రకాలుగా రాస్తాడు. పక్కన చోటుంటే తోక చాపుతాడు, లేకపోతే ముడుస్తాడు. అది ఫాంట్‌లో రావాలంటే ఒక్కో అక్షరానికి బోలెడు రూపాలు ఉండాలి, ఎప్పుడు ఏది వేయాలో ప్రోగ్రాం నిర్ణయించాలి. 1990ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో చదివిన డేవిడ్ సీగెల్ అనే కుర్రాడు సరిగ్గా ఇలాంటి ఆలోచనతోనే ఆయన దగ్గరికి వచ్చాడు. బోస్టన్ నుంచి జీనో లీ అనే ప్రోగ్రామర్ కూడా చేరాడు. సీగెల్ మధ్యలోనే వదిలేయడంతో పని ఆగిపోయింది. చివరికి జాఫ్ దాన్ని లైనోటైప్‌కు తీసుకెళ్లి 1998లో విడుదల చేయించారు. స్కెచ్‌బుక్ పేజీ ఫాంట్ కావడానికి యాభై నాలుగేళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు మీ సంగతి. 1998లో వచ్చినప్పుడు అది ఒక్క ఫాంట్ కాదు. అప్పటి ఫాంట్ ఫైల్లో వందల రూపాలు పట్టేవి కావు, అందుకని నాలుగు వర్ణమాలలుగా, కలిపి రాసే జోడీ అక్షరాలకు ఒకటి, అలంకారాలకు ఒకటి అని విడివిడి ఫైళ్లుగా ఇచ్చారు. వాడేవాడు పదంలో ఈ అక్షరం మొదటి ఫైల్లోంచి, ఆ అక్షరం మూడో ఫైల్లోంచి అని చేత్తో ఏరుకోవాలి. తర్వాత ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ టెన్‌తో ఇచ్చినది వేరు: 1,400కు పైగా రూపాలు ఒకే ఫైల్లో, పక్క అక్షరాన్ని బట్టి తనే మారే నియమాలతో. మ్యాక్‌లో ఆ ఫాంట్ పేరునే ఇంగ్లీషులో కొట్టి చూడండి, ఏడు అక్షరాలూ కలిసిపోయి ఒకే ముద్రలా మారతాయి. మీ ప్రెస్సులో పెన్‌డ్రైవ్‌ల మీద తిరుగుతూ వచ్చిన ఫైలు పాత రకం ఒంటి వర్ణమాల అయి ఉంటుంది. లేదా ఫైలు మంచిదే అయినా దాన్ని తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు ఆ నియమాలు చదవడం రాదు. మన ప్రెస్సుల్లో అను అనే పాత తెలుగు ఫాంట్ల కోసం ఇంకా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది కదా, దాని ఆఖరి వెర్షన్ 2001 నాటిది. ఒకే ఫైల్లో బోలెడు రూపాలు, వాటి నియమాలు ఉంచే ఓపెన్‌టైప్ అనే ఫాంట్ పద్ధతిలోని అలంకార రూపాల గొడవే దానికి తెలియదు. కోరల్ డ్రాలో కూడా 2012లో వచ్చిన ఎక్స్6 నుంచే ఆ సదుపాయం. అంతకంటే పాత కోరల్ మీద కూర్చుని ఆపరేటర్‌ను ఎంత అడిగినా ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

కాబట్టి దారి ఇది. మ్యాక్‌లో టెక్స్ట్‌ఎడిట్ గానీ పేజెస్ గానీ తెరవండి. ఆపిల్ ఇచ్చిన జాఫినో ఆపిల్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది, వాళ్ల ప్రోగ్రాంలలో ఖాయంగా పలుకుతుంది. అడోబీ వాళ్లది ఓపెన్‌టైప్ దారి, ఇలస్ట్రేటర్‌లో అచ్చం అదే ఫలితం వస్తుందని అనుకోకండి. ఒక్కో పేరు వేరే లైనులో, పెద్ద సైజులో కొట్టండి. ఫాంట్స్ ప్యానెల్ తెరిచి అందులో టైపోగ్రఫీ అన్నచోటికి వెళ్తే వేరే రూపాలు ఎంచుకునే వీలుంటుంది. నచ్చని అక్షరాన్ని ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి మార్చి చూడండి. అయ్యాక ప్రింట్ మెనూలోంచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రెస్సులో ఆ పీడీఎఫ్‌ను కోరల్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు టెక్స్ట్‌గా కావాలా, కర్వ్స్‌గా కావాలా అని అడుగుతుంది. కర్వ్స్ అనాలి. టెక్స్ట్ అన్నారంటే మళ్లీ ఆ మెషీన్‌లో ఉన్న ఫాంట్‌నే వెతుక్కుంటుంది, మళ్లీ మొదటికి వస్తారు.

ఫాంట్ ఫైలునే మ్యాక్‌లోంచి కాపీ చేసి ప్రెస్సుకు ఇచ్చేద్దాం అంటారేమో. అది లైసెన్స్‌కు విరుద్ధం. మ్యాక్‌తో వచ్చిన ఫాంట్లు ఆ మ్యాక్‌లో వాడుకుని అచ్చు వేయించుకోవడానికే. రోజూ ఇదే పని చేసే ప్రెస్ అయితే 2003లో వచ్చిన జాఫినో ఎక్స్‌ట్రా కొనుక్కోవడం మేలు. అది ఓపెన్‌టైప్‌లో ఉంది, జాఫ్, అకిరా కోబయాషి కలిసి తిరగరాశారు. అందులో ఫోర్టే అని కాస్త బరువైన రకం కూడా చేర్చారు. మన పనికి నిజానికి ఆ ఫోర్టేనే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకో అచ్చు దగ్గర చెప్తాను.

తోకలు పై లైనులోకి వెళ్లడం గురించి. ఈ ఫాంట్‌లో పైకీ కిందికీ సాగే భాగాలు అక్షరం ఒంటి ఎత్తుకు ఎన్నో రెట్లుంటాయి, అందుకే లైన్ల మధ్య ఖాళీ ఫాంటే చాలా ఎక్కువ పెట్టుకుంటుంది. అది చూసి ‘ఇంత ఖాళీ ఎందుకు’ అని ఆపరేటర్ లీడింగ్ తగ్గించేస్తాడు. తప్పు ఆయనది అనలేం, మిగతా ఫాంట్లన్నిటికీ అదే చేస్తాడు. దీనికి మాత్రం వధువు పేరు ఒక విడి వస్తువు, వరుడి పేరు ఇంకో విడి వస్తువు అనుకుని చేత్తో జరుపుకుంటూ పెట్టాలి. పై పేరులో కిందికి దిగే తోక, కింది పేరులో పైకి లేచే కొమ్ము ఒకే చోటికి రాకుండా ఒక పేరును ఎడమకూ ఇంకోదాన్ని కుడికీ కాస్త జరిపితే చాలాసార్లు సరిపోతుంది. రెండూ సరిగ్గా మధ్యలోనే ఉండాలని పట్టుబట్టకండి. ఇలాంటి రాతకు కంటికి మధ్య అనిపించేది వేరు, స్కేలు పెట్టి కొలిస్తే వచ్చే మధ్య వేరు. తోకలు వదిలేసి అక్షరాల ఒళ్లు మాత్రం చూసి మధ్యకు తేవాలి.

ఇక అసలు కష్టం మన పేర్లతోనే. ఇంగ్లీషులో రాసిన తెలుగు పేరు ఇలాంటి ఫాంట్‌కు పెద్ద పరీక్ష. లక్ష్మి అని రాస్తే ఎల్, కె, హెచ్ మూడూ పొడుగు కొమ్ములవి, దగ్గర దగ్గరగా పడతాయి. మూడింటికీ మెలికలు తిరిగితే పేరు చదవలేం. ఒక్క దానికే పెద్ద మెలిక ఉంచి మిగతా రెండూ సాదా రూపాలు పెట్టండి. నేనైతే మొదటి పెద్దక్షరానికి ఒక విసురు, పేరు చివర ఇంకోటి, మధ్యలో ఏదీ వద్దంటాను. చివరి అక్షరం చూసుకోవడం మరీ ముఖ్యం. మన పేర్లు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి: కృష్ణ, రాజు, లక్ష్మి, సుధ. అంటే ఇంగ్లీషులో ఏ, యు, ఐ. రెడ్డి, మూర్తి లాంటివి వై మీద ముగుస్తాయి, వాటికి తోక అందంగా దిగుతుంది, సమస్య లేదు. కాబట్టి ఏ స్క్రిప్ట్ (కలంరాత) ఫాంట్ అయినా కొనే ముందు, డౌన్‌లోడ్ చేసే ముందు చూడాల్సింది పదం చివర వచ్చే ఏ, ఐ, యు ఎలా ఉన్నాయన్నదే. సైట్లో నమూనాగా పెట్టిన అందమైన ఇంగ్లీషు పదాలు చూసి మోసపోకండి, మీ చెల్లెలి పేరే కొట్టి చూడండి.

ఇంటిపేరు పొడి అక్షరాల సంగతి మరీ ఘోరం. కె.వి.ఎస్.ఆర్. అని నాలుగు పెద్దక్షరాలు వరసగా స్క్రిప్ట్‌లో పెడితే పందిట్లో నాలుగు గొడుగులు విప్పి పక్కపక్కన నిలబడినట్టు ఉంటుంది. ఈ ఫాంట్లలో పెద్దక్షరం చిన్నక్షరాలకు ముందు నిలబడేలా గీసినది, ఇంకో పెద్దక్షరం పక్కన కాదు. ఇందుకే పేరు మొత్తం క్యాపిటల్స్‌లో ఎప్పుడూ కొట్టకూడదు. ఇంటిపేరు పూర్తిగా రాయగలిగితే రాయండి. పొడి అక్షరాలే కావాలంటే పెద్దలు ఒప్పుకునేలా వాటిని పేరు పైన చిన్నగా, సాదా ఫాంట్‌లో పెట్టండి. ‘చి.ల.సౌ.’ను ఇంగ్లీషులో కూడా రాయిస్తుంటారు మన వాళ్లు, అది కూడా ఆ సాదా ఫాంట్‌లోనే. వెంకట నాగ సత్య లక్ష్మీ ప్రసన్న లాంటి పొడుగు పేరైతే పిలిచే పేరు ఒక్కటి స్క్రిప్ట్‌లో పెద్దగా, పూర్తి పేరు కింద మామూలు అక్షరాల్లో అన్నది బాగుంటుంది. ఈ మాట అమ్మాయి నాన్నగారికి చెప్పి ఒప్పించడం మాత్రం మీ పని.

ఆపరేటర్లు అలవాటుగా చేసే మూడు పనులు ముందే వద్దని చెప్పండి. అక్షరాల మధ్య దూరం పెంచడం, తగ్గించడం. కలిపిరాత ఫాంట్లలో దూరం పెంచితే లంకెలు తెగిపోతాయి, తగ్గిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రెండోది, బోల్డ్ బటన్ నొక్కడం. ఫాంట్‌లో బోల్డ్ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ చుట్టూ ఒక పూత పూస్తుంది, సన్నం లావుల తేడాయే పోతుంది. మూడోది, పేరు పట్టలేదని అడ్డంగా నొక్కేయడం లేదా సాగదీయడం. సైజు తగ్గించండి, ఆకారం మార్చకండి.

అచ్చు దగ్గరికి వద్దాం. సన్న గీతలు మాయమవడానికి కారణం సైజు, సిరా, కాగితం, మూడింటి కలయిక. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో వేసే అచ్చులో, 0.25 పాయింట్ గీత తెల్ల కాగితం మీద నిలబడుతుంది. ముదురు రంగు మీద తెల్లగా వదిలేసే అక్షరాలైతే సిరా చుట్టూ పాకి గీత పూడిపోతుంది, కనీసం దానికి రెట్టింపు కావాలి. మన వైపు శుభలేఖలు చాలావరకు రెడీమేడ్ కార్డు మీద స్క్రీన్ ప్రింటింగే కదా, అక్కడ కూడా 0.5 పాయింట్ కంటే సన్నం వద్దు. తెర అల్లిక సందుల్లోంచి సిరా దిగాలి, మరీ సన్న గీతలు ముక్కలుగా వస్తాయి. కొలవడం తేలికే: అచ్చయ్యే అసలు సైజులో పేరు పెట్టుకుని, పక్కన 0.25 పాయింట్ గీత ఒకటి, 0.5 గీత ఒకటి గీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి, అక్షరంలో అన్నిటికన్నా సన్నమైన చోటుతో పోల్చి చూడండి. పేరు గీత కంటే సన్నగా ఉంటే సైజు పెంచండి, లేదా బరువైన రకం తీసుకోండి. జాఫినో ఫోర్టే బాగుంటుందన్నది ఇందుకే.

రంగు సంగతి చాలామంది పట్టించుకోరు. మెరూన్ కావాలని నాలుగు రంగుల మిశ్రమంలో పేరు వేయిస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి తప్పినా సన్న గీత పక్కన ఎర్రటి నీడ, నీలం నీడ కనపడతాయి. పేర్లకు ఒకే సిరా వాడండి, అదీ నూటికి నూరు శాతం. లేత రంగు కావాలని అదే సిరాను 40 శాతానికి తగ్గిస్తే గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మీ ప్రూఫ్ డిజిటల్ మెషీన్‌లో తీసినదై, పేర్లు లేత గోధుమ రంగులో ఉన్నవైతే గీతలు పోవడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. బంగారు రంగు కావాలంటే రెండు దార్లు: పాంటోన్ 871 లాంటి మెటాలిక్ సిరా, లేదా ఫాయిల్ (వేడితో అంటించే మెరుపు రేకు). ఫాయిల్ మెరుపు వేరు, కానీ అక్కడ డై అనే అచ్చుదిమ్మ వేడి మీద నొక్కుతుంది, సన్న గీత దగ్గర ఫాయిల్ సరిగ్గా అంటదు, చిన్న సందుల్లో అయితే అంటకూడని చోట కూడా అంటుకుని పూడిపోతుంది. చిన్న చిన్న కన్నాలున్న రూపాలు, అంటే ముడి వేసుకునే ఇంగ్లీషు ఇ, ఏ లాంటివి, ఫాయిల్‌కు తెరిచి ఉండేలా ఎంచుకోండి. టెక్స్చర్ ఉన్న చేతితయారీ కాగితమైతే ఫాయిల్ మీద ఆశ మరీ ఎక్కువ పెట్టుకోవద్దు.

లేజర్ కటింగ్‌తో పేరు తొలిచే కార్డులు ఈమధ్య బాగా వస్తున్నాయి. వేదిక వెనక థర్మాకోల్, ఎండీఎఫ్ పేర్లకూ ఇదే లెక్క. అక్కడ ఒక ముఖ్యమైన పని ఉంది. స్క్రిప్ట్ ఫాంట్‌లో పక్క పక్క అక్షరాలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద ఒకటే నలుపు కాబట్టి తెలియదు. కర్వ్స్ చేసి మెషీన్‌కు పంపితే ఆ ఎక్కిన చోట కూడా కోసేస్తుంది, పేరు ముక్కలుగా చేతికొస్తుంది. కొన్నిసార్లు అచ్చులో కూడా ఆ చోట్లలో తెల్ల మచ్చలు కనపడతాయి. కోరల్‌లో అయితే వెల్డ్, ఇలస్ట్రేటర్‌లో అయితే పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టి అన్నీ ఒకే ఆకారం చేయాలి. ఐ మీద చుక్క విడిగా ఉండిపోతుంది, దాన్ని పక్క అక్షరానికి తగిలించకపోతే ఎక్కడో రాలిపోతుంది.

వాట్సాప్‌లో పంపే శుభలేఖకు విడిగా ఒక డిజైన్ చేయించుకోండి. అచ్చు కార్డు ఫొటో తీసి పంపితే ఫోన్ కుదింపులో సన్న గీతలే మొదట పోతాయి. పేర్లు వెడల్పులో సగానికి పైగా ఆక్రమించాలి, ముహూర్తం, వేదిక సాదా అక్షరాల్లో ఉండాలి. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.

మ్యాక్ దొరక్కపోతే ఏం చేయాలని కూడా అడిగారు. మీ విండోస్ మెషీన్‌లోనే గాబ్రియోలా అని ఒకటి ఉంది, చూసి ఉండరు. విండోస్ 7 నుంచి వస్తోంది, టైరో టైప్‌వర్క్స్ అనే ఫాంట్ల సంస్థకు చెందిన జాన్ హడ్సన్ చేసినది. ఊరికే కొడితే ఏదో వాలుగా ఉన్న పుస్తకం ఫాంట్‌లా ఉంటుంది. వర్డ్ 2010 గానీ ఆ తర్వాతది గానీ అయితే పేరు సెలెక్ట్ చేసి, ఫాంట్ డైలాగ్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, స్టైలిస్టిక్ సెట్స్‌లో ఒక్కో అంకె మార్చి చూడండి. మెలికలు పెరుగుతూ వస్తాయి. కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ పక్కన టిక్ పెట్టడం మరవద్దు. పేరు నచ్చాక పీడీఎఫ్ చేసి పైన చెప్పినట్టే కర్వ్స్‌గా తీసుకోండి. సన్న గీతలు మరీ సన్నం కావు కాబట్టి స్క్రీన్ ప్రింటింగ్‌కు కూడా బాగా నిలుస్తుంది. ఉచితంగా దొరికేదాన్ని ఇంత మంది పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

గూగుల్ ఫాంట్స్‌లో గ్రేట్ వైబ్స్ శుభలేఖలకు బాగా అలవాటైపోయింది, అందంగా ఉంటుంది, అందరి కార్డుల మీదా ఉంటుంది. పిన్యాన్ స్క్రిప్ట్ పాత రౌండ్‌హ్యాండ్ (గుండ్రటి కలిపిరాత) పద్ధతిది, పెద్ద సైజులో హుందాగా ఉంటుంది. మరీ చిన్న అక్షరాల్లో కూడా స్క్రిప్టే కావాలంటే పెటీ ఫార్మల్ స్క్రిప్ట్ ఆ పనికోసం చేసినదే. ఆఫీస్‌తో వచ్చే ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ ఎడ్ బెంగ్వియాట్ 1994లో గీసినది, చాలా నాజూకు, ఆఫ్‌సెట్‌కు సరే, స్క్రీన్ ప్రింటింగ్‌కు వద్దు. మోనోటైప్ కోర్సివా అయితే సర్టిఫికెట్ల మీద చూసి చూసి విసుగొచ్చింది, పెళ్లికి వద్దంటాను. ముందు చెప్పిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ మ్యాక్‌లో ఉంది, బ్లాక్ రకం కూడా ఉంది. వధూవరుల పేర్లు పొడుగ్గా ఉండి జాఫినోలో ఎంత సర్దినా చిక్కుపడుతుంటే దానికి మారిపోండి. మెలికలు తక్కువ, లంకెలు నమ్మకంగా కలుస్తాయి.

తెలుగు పేజీకి కూడా ఇలా కలంరాతలా ఉండే ఫాంట్ కావాలన్నారు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త వేరు. ఇంగ్లీషు రాతలో సన్నం లావుల తేడా కలం పాళీ వల్ల వచ్చింది. మన అక్షరం తాటాకు మీద గంటంతో గీసినది, గంటం గీత ఎటు తిప్పినా దాదాపు ఒకే మందం. గుండ్రదనం, తలకట్టు, ఒత్తులు, వీటిలోనే దాని అందమంతా ఉంది. అందుకని తెలుగు ఫాంట్‌కు ఇటాలిక్ బటన్ నొక్కి వాలు తెప్పించి జాఫినో పక్కన పెడితే రెండూ చెడతాయి. తెలుగు నిటారుగా, నిండుగా ఉండనివ్వండి. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’కు, పేర్లకు కొంచెం అలంకారం కావాలంటే సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. శీర్షికలకు, ఆహ్వానాలకు శ్రీకృష్ణదేవరాయ బాగుంటుంది. అన్నట్టు పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, సూరన, రామరాజ, తెనాలి రామకృష్ణ, అష్టదిగ్గజాలు ఎనిమిది మంది పేర్లతోనూ అక్కడ ఫాంట్లున్నాయి, రాయల చుట్టూ కొలువు తీరినట్టే. బాపు దస్తూరీ శైలి ఇష్టమైతే అది ఎలాగూ మన శుభలేఖల్లో పాతుకుపోయిందే. మిగతా చిన్న అక్షరాలకు టైరో తెలుగు ప్రయత్నించండి. గాబ్రియోలా చేసిన సంస్థదే, మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం మొదలైన పని అది, ఇప్పుడు ఉచితం. ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు, అంటే ఫోన్లలో, వెబ్‌లో నడిచే కొత్త పద్ధతివి. పేజ్‌మేకర్‌లో పలకవు, కొత్త కోరల్ గానీ ఇన్‌డిజైన్ గానీ కావాలి. ప్రెస్సులో అను ఫాంట్లతోనే చేస్తామంటే గొడవ పడకండి, వాటిలోనూ మంచివి ఉన్నాయి.

ప్రెస్సుకు వెళ్లేటప్పుడు పేర్ల పీడీఎఫ్‌తో పాటు మ్యాక్‌లో స్క్రీన్‌షాట్ ఒకటి తీసుకెళ్లండి, ఇంపోర్ట్ అయ్యాక అక్షరం అక్షరం పోల్చుకోవడానికి. ప్రూఫ్ అసలు కార్డు మీదే, అసలు సిరాతోనే తీయమనండి, ఇంకేదో తెల్ల కాగితం మీద తీసిన లేజర్ ప్రింట్ చూసి సరేననకండి. పీడీఎఫ్ చేయకముందే పేర్ల స్పెల్లింగ్ రెండు ఇళ్లవాళ్లకూ పంపి రాతపూర్వకంగా ఓకే తీసుకోండి. ముఖ్యంగా సుధలో డి తర్వాత హెచ్ ఉందా, స్వాతిలో టి తర్వాత హెచ్ ఉందా, అబ్బాయి పాస్‌పోర్టులో ఎలా ఉంది అన్నవి. కర్వ్స్ అయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ మీ స్నేహితుడి మ్యాక్ దగ్గరికే వెళ్లాలి.